తవుడు చెరువుకి, తెల్లన్నం మనకి

అందరికీ నమస్కారం. పీచు గురించి మాట్లాడబోతున్నానంటే పొద్దున మా పక్కింటాయన, "కొబ్బరి పీచు గురించాండీ?" అని అడిగారు. కోనసీమలో ఆ అనుమానం రావడం న్యాయమే. నేను చెప్పేది తినే పీచు గురించి.

మన ధాన్యం మిల్లుకెళ్ళాక ఏమవుతుందో మీకు తెలియనిది కాదు. తవుడులోంచి నూనె తీస్తారు. మిగిలిన తవుడు భీమవరం, ఆకివీడు వైపు చేపల చెరువులకి పోతుంది. సంచుల్లో నింపి, వాటికి చిల్లులు పెట్టి, కర్రలకు కట్టి నీళ్ళలోకి దింపుతారు. చేపలు ఆ చిల్లుల దగ్గర మూగి పొడుచుకు తింటాయి. గింజ మీదున్న పీచు పొర అలా చేపకి పోయి, మల్లెపువ్వు లాంటి అన్నం మన కంచంలోకి వస్తోంది. ఉలవచారుదీ అదే కథ. కట్టు వార్చుకుని చారు మనం కాచుకుంటాం, ఉడికిన ఉలవలు గేదెకి పెడతాం. ఇక మలబద్ధకం మనకి రాక గేదెకొస్తుందా?

పీచుని మన పేగులు అరిగించుకోలేవు. అరక్కపోవడమే దాని గొప్ప. ఒక రకం నీళ్ళు పీల్చుకుని విరేచనం సాఫీగా అయ్యేలా చేస్తుంది. రెండో రకం బెండకాయ కోస్తే చేతికి అంటుకునే జిగురు లాంటిది. అన్నంలోని చక్కెర ఒక్కసారిగా రక్తంలో కలవకుండా నిదానింపజేస్తుంది. పిత్తరసాన్ని కూడా కొంత పట్టుకుని బయటికి తీసుకుపోతుంది. కాలేయం మళ్ళీ పిత్తం తయారు చేసుకోవాలంటే కొలెస్ట్రాల్ ఖర్చు పెట్టాలి. అలా చెడు కొలెస్ట్రాల్ కొంత తగ్గుతుంది.

పెద్దవాళ్ళకి రోజుకి కనీసం 25 గ్రాముల పీచు కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. 100 గ్రాముల తెల్ల బియ్యంలో 3 గ్రాములు కూడా ఉండదు. దంపుడు బియ్యం మేలే గానీ, దాంతోనే పని అయిపోదు. అసలు చిక్కు మన వడ్డనలో ఉంది: అన్నం గుట్టంత, కూర గరిటెడు. ఆ లెక్క తిరగెయ్యాలి.

అందుకు పట్నం డబ్బా పొడులు అక్కర్లేదండీ. పొట్టు పెసలు 100 గ్రాముల్లో 16 గ్రాముల పైనే పీచుంటుంది. పెసరట్టుకి నానబోసి, పొట్టంతా కడిగి పారబోసే ఇళ్ళు చూశాను, ప్రాణం ఉసూరుమంటుంది. పనసపొట్టు కూర, గోరుచిక్కుడు, కంద బచ్చలి ఉండనే ఉన్నాయి. అరటి దూట చక్రాలుగా కోసేటప్పుడు మా అమ్మ దారాన్ని వేలికి చుట్టుకుంటూ తీసేది. ఆ చుట్ట పారేసినా ఫర్వాలేదు, ముక్కలో ఇంకా బోలెడుంటుంది. బత్తాయి రసం తీసి పిప్పి పారేస్తే మాత్రం మిగిలేది తీపినీళ్ళే.

రేపట్నుంచే ఒక్కసారిగా మొదలుపెట్టకండి. కడుపు ఉబ్బరించి, ఇంట్లోవాళ్ళు నన్ను తిట్టుకుంటారు. రెండు మూడు వారాల్లో మెల్లగా పెంచండి, నీళ్ళు బాగా తాగండి. కిడ్నీ జబ్బున్నవాళ్ళు, పేగు ఆపరేషన్ అయినవాళ్ళు డాక్టర్ని అడిగాకే.

బయట బల్ల మీద కాల్చిన తేగలు పెట్టించాను. పళ్ళు సరిగా లేనివాళ్ళకి మెత్తటి జామపళ్ళు ఉన్నాయి. తింటూనే ప్రశ్నలు అడగండి.