ఆడవాళ్లు ఎక్కువేళ్లు బతుకుతారంటే వివక్షేనా?

(తెర మీద: తిరుపతి బస్టాండు ఎదుట టీ అంగడి. పక్కన అంకెలు: మగ 68.6, ఆడ 71.4)

2016-20లో మన దేశపు సగటు ఆయుర్దాయం ఇది. తేడా 2.8 ఏళ్లు. ఈ మాట నలుగురిలో ఎత్తి చూడండి. "ఆడోళ్లకేం, ఇంటి పట్టున సుఖంగా ఉండారు" అని ఒకాయన అంటాడు. ఆ లెక్క ఎత్తడమే వివక్ష అని ఇంకొకరు లేస్తారు. ఇద్దరూ పొరబడినట్టే.

ముందు లెక్క కట్టే తీరు. లక్షమంది పుట్టారనుకుంటారు. ఆ కాలంలో ఒక్కో వయసులో ఉన్న మరణాల రేటును వాళ్లకు వరసగా వర్తింపజేస్తారు. అందరూ బతికిన ఏళ్లను కూడి లక్షతో భాగిస్తారు. పసికందుల చావులు ఈ సగటును బాగా కిందికి లాగుతాయి. కాబట్టి 68.6 చూసి మీ నాయనకు గడువు కట్టకండి. అరవై దాటినవాళ్లకు మిగిలిన ఏళ్ల లెక్క వేరే ఉంటుంది.

(తెర మీద: 1970-75. మగ 50.5, ఆడ 49.0)

ఇక్కడ కాసేపు ఆగాలి. అప్పట్లో మన దగ్గర ఆడవాళ్లే ముందు పోయేవాళ్లు. కాన్పు చావులు, ఆడపిల్లకు తిండిలో, వైద్యంలో కోత. వివక్ష అంకెల్లో కనబడితే ఇలా ఉంటుంది. అది కొంత తగ్గాకే ఆడ శరీరానికున్న మొగ్గు బయటపడింది: రెండు ఎక్స్ క్రోమోజోములు (ఒకదానిలో లోపముంటే రెండోది ఆదుకోవచ్చు), ముట్లుడిగేదాకా గుండెను కొంత కాచే ఈస్ట్రోజెన్ అనే హార్మోను.

మరి మగవాళ్లు? బీడీ, మందు, రోడ్డు. రోడ్డు ప్రమాదాల్లో పోయేవాళ్లలో నూటికి 85 మందికి పైగా మగవాళ్లే. 2022 ఆత్మహత్యల్లో నూటికి దాదాపు 72 మంది. జర్మనీలో బవేరియా మఠాల్లో ఇంచుమించు ఒకే తీరుగా బతికే సన్యాసులనూ సన్యాసినులనూ పోల్చి చూస్తే తేడా ఏడాది దాకా తగ్గింది. బయటి జనంలో అది ఎన్నో రెట్లు. అంటే తేడాలో పెద్ద భాగం బతికే తీరుదే, మార్చుకోగలిగిందే. మగవాళ్లెందుకు ముందు పోతున్నారని అడగడం ఆడవాళ్ల మీద దాడి కాదు, అడిగి తీరాల్సిన ప్రశ్న. "ఎట్లాగూ ఎక్కువే బతుకుతారు కదా, ఆస్పత్రికెందుకు" అంటే మాత్రం అది అచ్చమైన వివక్ష. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి రక్తహీనత, మగవాళ్లలో 25 మందికి. ఎక్కువేళ్లు బతకడం వేరు, ఆరోగ్యంగా బతకడం వేరు.

(తెర మీద: చిత్తూరు పల్లెలో ఒకటో తేదీ పింఛను పంపిణీ)

భర్త వయసులో పెద్ద, పైగా ముందు పోతాడు. రెండూ కలిసి ఆమెకు చివరి ఏళ్లు ఒంటరివవుతాయి. అప్పుడు నెలకు 4,000 వితంతు పింఛనే ఆధారమైన ఇళ్లున్నాయి. అందుకే బ్యాంకు ఖాతా ఇద్దరి పేరా తెరవండి, ఇద్దరిలో ఎవరైనా, లేదా మిగిలినవారు డబ్బు తీసుకునే పద్ధతిలో. ఆయన ఒక్కడి పేర ఉండి ఆమె నామినీ మాత్రమే అయితే, మరణ ధ్రువపత్రం, క్లెయిమ్ ఫారం ఇచ్చి బ్యాంకు ఒప్పుకునేదాకా రూపాయి చేతికి రాదు.