ఏడు చింతగింజలు, అటువైపు కూర్చున్న పాప

నమస్కారం అండీ. ఒక విషయం చాలా రోజులుగా నన్ను బాధపెడుతోంది. వార్షికోత్సవం వస్తే పిల్లలకు అట్టలతో టోపీలు చేసి పెట్టి, స్పీకర్లో ఏదో దేశం పాట వేసి గంతులేయిస్తాం. ప్రపంచ సంగీతం నేర్పించేశామని అనుకుంటాం. కావలి దగ్గర ఒక బడిలో అలాంటి కార్యక్రమం అయిన మర్నాడు మూడో తరగతి వాళ్లను అడిగాను, నిన్నటి పాట ఏ దేశానిదని. ఒక్కరూ చెప్పలేకపోయారు. ఒక్క ముక్క కూనిరాగం తీసినవాళ్లూ లేరు. పాపం, వాళ్ల చేతికీ కాలికీ మనం ఏమిచ్చాం గనక?

ఇంకోవైపు, "మన పాటలే రావట్లేదు, పరాయి పాటలెందుకు సార్" అనే టీచర్లున్నారు. వాళ్ల బాధ నిజమే. హంగరీ సంగీతకర్త జొల్తాన్ కొదాయ్ (1882–1967) కూడా పిల్లలకు ముందు సొంత జానపదాలే నేర్పాలన్నాడు. నేనూ అక్కడే మొదలుపెడతాను.

(కెమెరా కిందికి. గచ్చు మీద ఏడు చింతగింజలు.)

మూడు గింజలు, కాస్త ఎడం. రెండు, మళ్లీ ఎడం. ఇంకో రెండు. ప్రతి గుంపులో మొదటి గింజ దగ్గర చప్పట్లు. తకిట తక ధిమి, తకిట తక ధిమి. ఇది మిశ్రచాపు, మన కర్ణాటక సంగీతంలో ఒక తాళం. పిల్లలకు ఆ పేరు అక్కర్లేదు, రెండు నిమిషాల్లో చేతికి వచ్చేస్తుంది.

ఒక రోజు బళ్లో ఇలా నేర్పుతుంటే, నాకు ఎదురుగా కూర్చున్న ఒక పాప మాత్రం వేరేగా కొడుతోంది. తక ధిమి తకిట. "తప్పమ్మా" అనబోయి ఆగాను. ఆ పాప తన ఎడమచేతి వైపు నుంచి లెక్కపెడుతోంది. గింజలు అవే. అటు నుంచి చూస్తే రెండు, రెండు, మూడు.

అది బల్గేరియాలో రచెనిత్స అనే జానపద నృత్యం నడక! అక్కడ పెళ్లిళ్లలో చాలా వేగంగా ఆడతారు.

మన దగ్గరికే రండి. కర్ణాటక సంగీత వాగ్గేయకారుడు శ్యామశాస్త్రి (1762–1827) పుట్టింది తమిళనాడు తిరువారూరులో, కానీ పూర్వీకులది మన ఆంధ్రలోని కంభం. ఆయన విలోమ చాపు, అంటే తిరగేసిన చాపు తాళం, వాడకానికి పేరుపడ్డారు. నాలుగు (రెండు, రెండు) ముందు, మూడు వెనక. అంటే ఆ పాప వైపు నుంచే! ఇది తట్టినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది.

అలాగని రెండూ ఒకే సంగీతమని పిల్లలకు చెప్పకండి. వేగం వేరు, వాయిద్యాలు వేరు, పాడే సందర్భం వేరు. లెక్క ఒక్కటే కలిసింది. ఇప్పుడు పిల్లల్ని లేపి, అటువాళ్లను ఇటు, ఇటువాళ్లను అటు కూర్చోబెట్టండి. గింజలు కదపొద్దు. చప్పట్లు మారిపోతాయి. ఏడును ఎన్ని రకాలుగా విడగొట్టొచ్చో లెక్కల టీచర్ కూడా ఇక్కడే చెప్పేయొచ్చు. ఆ తర్వాతే ఫోన్లో అసలు రచెనిత్స వినిపించండి. ముందే వినిపిస్తే అది మళ్లీ స్పీకర్ పాటే అవుతుంది.

టైం అయిపోతోంది, గబగబా చెప్తాను. ఇప్పుడు పదహారు గింజలు. మూడు, మూడు, నాలుగు, రెండు, నాలుగు. గుంపుకొక దెబ్బ, మొత్తం ఐదు. ఇది క్యూబాలో క్లావే అనే లయ. రెండు చిన్న కర్రలతో వాయిస్తారు. దాని వేళ్లు ఆఫ్రికాలో ఉన్నాయి, బానిసలుగా తీసుకెళ్లినవాళ్లతో సముద్రం దాటి వెళ్లింది. ఆ మాట పిల్లలకు చెప్పకుండా దాటేయొద్దు, ఐదో తరగతి వాళ్లకు బాగానే అర్థమవుతుంది.

స్వరాలకు వస్తే మోహన రాగం. స రి గ ప ద. ఈ ఐదు మెట్లు చైనా జానపదాల్లో, స్కాట్లండ్ జానపదాల్లో కూడా వినిపిస్తాయి. గమకం, అంటే స్వరాన్ని ఊపుతూ పాడే తీరు, మాత్రం మనది. ఇంకొకటి, పూజలో, ప్రార్థనలో పాడేవాటిని ఆటగా వాడకండి, ఏ దేశానివైనా సరే.

మా ఊళ్లో చెక్కభజన నేర్పే తాత ఒకాయన ఉన్నారు. ఆయన్ని బడికి పిలిచి ఆ పదహారు గింజల వరస చూపించాను. రెండుసార్లు విన్నారు, చెక్కలు అందుకున్నారు. మూడోసారికి అడుగు కూడా కలిపేశారు. పిల్లలు ఆయన వెనకే వరసగా నిలబడ్డారు, నేను పిలవకుండానే.