లాగే బలం వేరు, మోసే బలం వేరు

నమస్కారం. టెక్సస్‌లో ఉండే ఒక తమ్ముడు అడిగాడు: “అన్నా, డీజిల్ డ్యూయలీ ఒకటి కొని హాట్‌షాట్ లోడ్లు తోలితే ఎలా ఉంటుంది?” డ్యూయలీ అంటే వెనక ఇరుసుకు అటు రెండు, ఇటు రెండు చక్రాలున్న పికప్. పెద్ద లారీ వచ్చేదాకా ఆగలేని సరుకును దాని వెనక ట్రైలర్ కట్టి చేరవేయడమే హాట్‌షాట్. విడిభాగం లేక చమురు రిగ్గు ఆగిపోతే పరుగెత్తేవి ఈ బండ్లే.

తమ్ముడి ధైర్యమంతా ప్రకటనలోని ఒక్క అంకె మీద ఉంది. రామ్ 3500 పికప్ సుమారు 37,000 పౌండ్లు లాగుతుందట. అబద్ధం కాదు. తగిన హంగులన్నీ ఉంటే ఆ 6.7 లీటర్ల కమిన్స్ ఇంజిన్ లాగుతుంది. కానీ ఇంజిన్‌ను కాసేపు పక్కన పెట్టి, డ్రైవరు తలుపు తెరిచి చట్రం మీది స్టిక్కర్ చూడండి. డ్యూయలీకి సాధారణంగా 14,000 పౌండ్లని ఉంటుంది. బండి, దాని మీద పడే బరువు కలిపి అంతకు మించకూడదు. ట్యాంకు నింపి మీరు ఎక్కేసరికే సుమారు 8,500 అయిందనుకోండి. మిగిలింది 5,500. గూస్‌నెక్, అంటే పికప్ వెనక తొట్టి మధ్యలో తగిలించే ట్రైలర్, సరుకుతో కలిపిన తన బరువులో ఐదో వంతు నుంచి నాలుగో వంతు దాకా పికప్ వీపు మీద మోపుతుంది. నాలుగో వంతు చొప్పున చూస్తే 22,000 పౌండ్ల ట్రైలర్‌తోనే ఆ 5,500 చెల్లు. 37,000 ఎక్కడ, 22,000 ఎక్కడ! అందులోనూ ట్రైలర్ సొంత బరువు తీసేయాలి.

కమర్షియల్ లైసెన్సు లేకుండానే తోలవచ్చని మరో ఆశ. పికప్, ట్రైలర్ల పరిమితులు కలిపి 26,000 పౌండ్లు దాటకపోతే నిజమే. అంటే 14,000 పోగా ట్రైలర్‌కు 12,000. నలభై అడుగుల ట్రైలర్ ఖాళీగానే 6,000 దాటితే సరుకు ఎక్కడ పెడతారు? లైసెన్సు తీసుకోవడమే మేలు. అన్నట్టు, హెచ్-1బి వీసా మీద ఉన్నవారు పక్కన ఇలాంటి పని చేసుకోవడానికి వీల్లేదు, ఆ ఊసే వద్దు.

ఇక కిరాయి. ఇండియానాలోని ఎల్క్‌హార్ట్ క్యాంపర్లు, అంటే బండి వెనక కట్టి లాగే చక్రాల ఇళ్లు, తయారయ్యే ఊరు. అక్కడి నుంచి కాలిఫోర్నియాకు ఒకటి తీసుకెళ్లారనుకుందాం. దూరం సుమారు 2,100 మైళ్లు. మైలుకు 2 డాలర్లంటే 4,200. వినడానికి కమ్మగా ఉంది. వెళ్లేటప్పుడు గ్యాలనుకు 10 మైళ్లు, ఖాళీగా వచ్చేటప్పుడు 15 అనుకుంటే డీజిల్ 350 గ్యాలన్లు. గ్యాలన్ 4 డాలర్లైతే 1,400 అక్కడే పోయింది. మిగిలిన 2,800లోంచి ఆరు టైర్ల అరుగుదల, బండి వాయిదా, కనీసం 7,50,000 డాలర్ల బాధ్యతా బీమాకు ప్రీమియం కట్టాలి. డ్యూటీలో 11 గంటలకు మించి తోలకూడదు కనుక రాకపోకలకు వారం పడుతుంది.

తిరుగు దారిలో లోడు దొరకదా అంటారా? మీ దగ్గర సొంత ట్రైలర్ ఏది? ఆ క్యాంపరే ట్రైలర్. డీలరుకు దాన్ని అప్పగించాక మీ బండి వెనక మిగిలేది ట్రైలర్ తగిలించే హిచ్ ఒక్కటే.