జేబులో పట్టే కెమెరా: దేన్ని వదులుకోవాలి?

శ్రోతలకు నమస్కారం.

చిన్న డిజిటల్ కెమెరా కొనడానికి వెళ్ళినవారు దుకాణంలో మొదట అడిగేది ఎన్ని మెగాపిక్సెల్‌లు అని, ఆ తరువాత అడిగేది ఎన్ని రెట్ల జూమ్ అని. పెట్టె మీద పెద్ద అక్షరాలతో కనిపించేవి కూడా సాధారణంగా ఆ రెండు అంకెలే. ఫోటో బాగా రావడం, రాకపోవడం మాత్రం ఎక్కువగా మరో రెండు కొలతల మీద ఆధారపడి ఉంటుంది. లెన్స్ వెనుక వెలుతురును పట్టుకునే సెన్సార్ ఎంత పెద్దది అన్నది ఒకటి, ఆ లెన్స్ ఎంత వెలుతురును లోపలికి రానిస్తుంది అన్నది రెండవది. ఈ రెండూ పెరిగినకొద్దీ కెమెరా బరువూ, మందమూ పెరుగుతాయి. అందువల్ల జేబులో పట్టే కెమెరా కొనదలచినవారు ఏయే సౌకర్యాలు కావాలన్న జాబితా రాసుకోవడానికి ముందు, ఏ సౌకర్యం లేకపోయినా తమకు గడిచిపోతుందో తేల్చుకోవాలని నా అభిప్రాయం.

మెగాపిక్సెల్ అంటే చిత్రంలో పది లక్షల చుక్కలు. వాటి సంగతి త్వరగా ముగించవచ్చు. 1975లో కోడాక్ సంస్థలో స్టీవెన్ సాసన్ తయారుచేసిన తొలి డిజిటల్ కెమెరా బరువు సుమారు మూడున్నర కిలోలు, దాని చిత్రంలో ఉన్నవి కేవలం 10,000 చుక్కలు, ఒక్కొక్క చిత్రం క్యాసెట్ టేపు మీదికి ఎక్కడానికి 23 సెకన్లు పట్టేది. ఆ రోజుల్లో చుక్కల సంఖ్య పెరగడం నిజంగా పెద్ద విషయమే. నేడు 4 అంగుళాల వెడల్పు, 6 అంగుళాల పొడవు గల ప్రింటుకు రెండు మెగాపిక్సెల్‌లకు కొంచెం పైన ఉంటే చాలు. 4కే టీవీ తెర నిండా చూడాలన్నా ఎనిమిదికి కొంచెం పైన ఉంటే చాలు. ఇప్పుడు అమ్మకానికి వచ్చే కెమెరాలలో చాలావరకు పది దాటి, ఇరవై చుట్టుపక్కల ఉన్నాయి. కాబట్టి ఆ అంకెను చూసి ఒక కెమెరాను మరొకదానికంటే మేలని ఎంచనవసరం లేదు.

సెన్సార్ విషయం అలా కాదు. చవకైన చిన్న కెమెరాలలోనూ, చాలా దూరం జూమ్ చేసే చిన్న కెమెరాలలోనూ సాధారణంగా ఉండే సెన్సార్ సుమారు 6 మిల్లీమీటర్ల వెడల్పు, నాలుగున్నర మిల్లీమీటర్ల ఎత్తు ఉంటుంది, అంటే చిటికెన వేలి గోరు కంటే చిన్నది. ఒక అంగుళం సెన్సార్ అని పిలిచేది 13.2 మిల్లీమీటర్ల వెడల్పు, 8.8 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటుంది. ఇందులో ఏ కొలతా అంగుళం కాదు; పాతకాలపు టీవీ కెమెరాలలోని గాజు గొట్టాల వ్యాసాన్ని బట్టి వచ్చిన పేరు అలాగే నిలిచిపోయింది. దీని వైశాల్యం మొదటిదానికి నాలుగు రెట్లు. ఏపీఎస్-సి అనే సెన్సార్ చిన్న తపాలా బిళ్ళంత ఉంటుంది, దాని వైశాల్యం మొదటిదానికి దాదాపు పదమూడు రెట్లు. మిట్టమధ్యాహ్నపు ఎండలో ఈ మూడింటితో తీసిన ఫోటోలను పక్కపక్కన పెడితే తేడా పట్టుకోవడం కష్టం. పొద్దు గుంకిన తరువాత ఒకే దీపం వెలుగుతున్న గదిలో అవే కెమెరాలతో మనిషి ముఖాన్ని తీసి చూడండి. చిన్న సెన్సార్ చిత్రంలో బుగ్గల మీద ఇసుక చల్లినట్లు రంగు చుక్కలు కనిపిస్తాయి. ఆ చుక్కలను కెమెరాయే తుడిచివేయబోతే కనుబొమల వెంట్రుకలు కూడా వాటితో పాటు చెరిగిపోయి, ముఖం మైనపు బొమ్మలా నున్నగా తయారవుతుంది. పడిన వెలుతురే తక్కువైనప్పుడు ఏ సాఫ్ట్‌వేరూ లేని వివరాన్ని నిజంగా తెచ్చిపెట్టలేదు.

పరిమాణానికీ, నాణ్యతకూ మధ్య ఈ బేరం డిజిటల్ కాలంలో మొదలైనది కాదు. జర్మనీలోని వెట్స్‌లార్ పట్టణంలో లైట్స్ కంపెనీలో పనిచేసిన ఆస్కర్ బార్నాక్ ఉబ్బసం రోగి. గాజు పలకల పెద్ద కెమెరాను మోసుకుంటూ తిరగడం ఆయనకు భారమైంది. సినిమా ఫిలిమును తీసుకుని, దాని మీద రెండు సినిమా ఫ్రేములు కలిసినంత, అంటే 24 మిల్లీమీటర్లు, 36 మిల్లీమీటర్లు కొలత గల చిత్రం పడేటట్లు ఒక చిన్న కెమెరాను చేశారు. అదే 1925లో లైకా పేరుతో మార్కెట్లోకి వచ్చింది. నెగెటివ్ చిన్నదైంది కాబట్టి పెద్ద ప్రింటు వేస్తే ఫిలిము రేణువులు కనిపించేవి. ఆ లోటును ఒప్పుకుని ఆయన జేబులో పట్టే కెమెరాను సంపాదించుకున్నారు. నేటికీ చిన్న కెమెరాల జూమ్‌ను ఆ ఫ్రేము కొలతకు సమానం చేసే చెబుతారు. లెన్స్ అంచు మీద 8.8 నుంచి 25.7 మిల్లీమీటర్లు అని ఉన్న కెమెరాను వివరాల పత్రంలో 24 నుంచి 70 మిల్లీమీటర్లకు సమానం అని రాయడానికి కారణం ఇదే. ఇకమీదట నేను చెప్పే జూమ్ అంకెలు కూడా ఆ సమాన కొలతలే. ఈ అంకె చిన్నదైతే ఎదుటి దృశ్యం ఎక్కువ మేర ఫోటోలో పడుతుంది, పెద్దదైతే దూరాన ఉన్నవి దగ్గరగా కనిపిస్తాయి.

లెన్స్ దగ్గరకు వద్దాం. లెన్స్ చుట్టూ ఉన్న వలయం మీద ఎఫ్ 1.8–4.9 వంటి అంకెలు చెక్కి ఉంటాయి. మన కంటిపాప చీకట్లో విచ్చుకున్నట్లు లెన్స్ ఎంత వరకు తెరుచుకోగలదో చెప్పే అంకెలు ఇవి. అంకె తగ్గినకొద్దీ ద్వారం పెద్దదని అర్థం. మొదటి అంకె జూమ్ చేయకముందుది, రెండవది చివరి వరకు జూమ్ చేసినప్పటిది. ఈ ఉదాహరణలో జూమ్ చివరికి వెళ్ళేసరికి లెన్స్ నుంచి వచ్చే వెలుతురు మొదటిదానిలో దాదాపు ఏడో వంతుకు పడిపోతుంది. చాలామంది ఈ రెండవ అంకెను చూడరు, చూడవలసింది మాత్రం దానినే.

ఒక అంగుళం సెన్సార్‌ను జేబులోకి తెచ్చిన కెమెరాగా పేరు పొందినది 2012లో వచ్చిన సోనీ ఆర్‌ఎక్స్100. బ్యాటరీ, కార్డు కలిపి దాని బరువు 240 గ్రాములు. అదే వరుసలో 2014లో వచ్చిన మూడవ మోడల్‌కు 24 నుంచి 70 వరకు జూమ్, ఎఫ్ 1.8–2.8 లెన్స్ ఇచ్చారు. 2018లో వచ్చిన ఆరవ మోడల్‌లో జూమ్‌ను 200 వరకు పెంచారు, లెన్స్ ఎఫ్ 2.8–4.5కు తగ్గింది. సెన్సార్ కొలత అదే, డబ్బా కూడా దాదాపు అంతే. జూమ్ దాదాపు మూడు రెట్లు పెరిగినందుకు, వెడల్పుగా తీసే చోట వెలుతురు సగానికంటే తక్కువైంది. ఆ సంస్థ ఇంజినీర్ల నేర్పును తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఆ పరిమాణంలో ఎవరు చేసినా అంతే. చిన్న ఒడలు, పొడవైన జూమ్, మసక వెలుతురులో మంచి ఫోటో అనే మూడింటిలో రెండు దొరుకుతాయి, మూడవది తగ్గుతుంది.

జూమ్ రెట్ల గురించి కూడా ఒక మాట చెప్పాలి. మూడు రెట్ల జూమ్ అంటే ఆఖరి కొలత మొదటి కొలతకు మూడింతలని మాత్రమే అర్థం. 24 నుంచి 72 వరకు వెళ్ళేదీ మూడు రెట్లే, 35 నుంచి 105 వరకు వెళ్ళేదీ మూడు రెట్లే. గదిలో ఒక గోడకు వీపు ఆనించి, ఎదుటి గోడకు మూడు మీటర్ల దూరంలో నిలబడితే, మొదటిదానిలో ఆ ఎదుటి గోడ సుమారు నాలుగున్నర మీటర్ల మేర పడుతుంది, రెండవదానిలో మూడు మీటర్లు పడుతుంది. వరుసలో నిలబడినవారిలో చివరి ఇద్దరినీ ఫోటోలోకి తెచ్చేది ఈ తేడాయే. అందుచేత జూమ్ ఎక్కడ ఆగుతుందన్న దానికంటే ఎక్కడ మొదలవుతుందో ముందుగా చూడమని నేను అందరికీ చెబుతాను.

నా మొదటి చిన్న కెమెరాకు 30 రెట్ల జూమ్ ఉండేది. రెండేళ్ళు వాడిన తరువాత ఒక ఆదివారం కూర్చుని అందులోని ఫోటోలన్నీ కంప్యూటర్‌లో వరుసగా చూశాను. ఏ కొలత దగ్గర, లెన్స్ ఎంత తెరుచుకుని, ఎంత షట్టర్ వేగంతో, అంటే సెన్సార్ మీద వెలుతురు ఎంతసేపు పడేటట్లు తీశామో ప్రతి ఫోటో ఫైలులోనూ నమోదై ఉంటుంది. పూర్తిగా జూమ్ చేసి తీసినవి చాలావరకు కొన్న కొత్తలో తీసిన చందమామ బొమ్మలు, కరెంటు తీగ మీది పిట్టలు. మిగిలిన ఫోటోలన్నీ దాదాపు గదుల లోపల, ఐదారు అడుగుల దూరం నుంచి, మనుషులను తీసినవే. వాటిలో ఒకటి నాకు ఈనాటికీ బాధ కలిగిస్తుంది. మా అమ్మాయి సాయంత్రం వేళ మెట్ల మీద నుంచి నవ్వుతూ దిగుతోంది. మెట్లు, పిట్టగోడ, పూలకుండీ అన్నీ స్పష్టంగా పడ్డాయి, పిల్ల ముఖం ఒక్కటే చెదిరిపోయింది. షట్టర్ వేగం సెకనులో పదిహేనో వంతని ఫైలులో ఉంది. చేతి వణుకును సర్దే ఏర్పాటు ఆ కెమెరాలో ఉంది, అది నా చేతి వణుకును సర్దింది కూడా. కదులుతున్న పిల్లను అది ఆపలేదు కదా. అందుకు కావలసింది వెలుతురు, అంటే పెద్ద సెన్సార్ లేదా పెద్ద ద్వారం గల లెన్స్. మా అన్నయ్య కూడా తన ఫోటోలను అలాగే చూసుకున్నాడు. ఆయన తెల్లవారుజామున చెరువు గట్టున పక్షులను తీసే మనిషి. ఆయనవి సగానికి పైగా జూమ్ ఆఖరున తీసినవే. నా పాత కెమెరా ఆయన దగ్గరకు చేరి సుఖంగా ఉంది. ఫోన్‌తో తీసినవైనా సరే, మీ ఫోటోలలో ఓ రెండు వందలను ఇలా చూసుకుంటే మీరు వదులుకోగలిగింది ఏదో బయటపడుతుంది.

ఇక పరిమాణం. వివరాల పత్రంలో పొడవు, ఎత్తు, మందం ఉంటాయి. ఆ కొలతలకు సరిపడా ఒక అట్టపెట్టె చేసి, కెమెరా బరువుకు సమానమైన బరువును అందులో పెట్టి, రోజూ మీరు పెట్టుకోదలచిన జేబులోనో, చేతిసంచిలోనో వారం రోజులు పెట్టుకుని తిరగండి. బస్సు ఎక్కుతూ, కూర్చుని లేస్తూ ఉన్నప్పుడు అది ఎక్కడ ఒత్తుతుందో తెలుస్తుంది. పొడవు, ఎత్తు పెద్దగా బాధించవు. జేబుకు పరీక్ష పెట్టేది మందం. 36 మిల్లీమీటర్ల మందం గల కెమెరా ప్యాంటు జేబులో ఎలాగో సర్దుకుంటుంది, 50 దాటితే దానికి సంచి వెతుక్కోవాలి. కొన్ని పత్రాలలో ముందుకు పొడుచుకు వచ్చిన భాగాలను కలపకుండా మందం చెబుతారు, కొన్నింటిలో బ్యాటరీ లేకుండా బరువు చెబుతారు. ఆ చిన్న గమనికలను వదలకుండా చదవాలి.

జూమ్‌ను పూర్తిగా వదులుకున్నవారికి మరో దారి ఉంది. 2019లో వచ్చిన రికో జీఆర్ 3 బరువు 257 గ్రాములే, అయినా దానిలో తపాలా బిళ్ళంత ఏపీఎస్-సి సెన్సార్ ఉంది. జూమ్ లేదు, ఫ్లాష్ లేదు, కంటికి ఆనించి చూసే వ్యూఫైండర్ లేదు; 28 మిల్లీమీటర్ల ఒకే చూపు. ఒకసారి ఛార్జి చేస్తే సుమారు 200 ఫోటోలే వస్తాయి. 2024లో వచ్చిన ఫుజిఫిల్మ్ ఎక్స్100-6లో వ్యూఫైండర్, ఫ్లాష్ రెండూ ఉన్నాయి, సెన్సార్ జాతి అదే. బరువు మాత్రం 521 గ్రాములై, జేబు దాటి మెడకు చేరింది. ఇంతకు పూర్తిగా వేరైన అవసరం నీళ్ళలో దిగేవారిది. 2019లోనే వచ్చిన ఒలింపస్ టీజీ-6 వంటివి 15 మీటర్ల లోతు వరకు తట్టుకుంటాయి. వాటి సెన్సార్ చిన్నదే, అయినా ఆ పనికి వాటిని తప్పుపట్టలేము.

వ్యూఫైండర్ లేకపోవడాన్ని తేలికగా తీసుకోవద్దు. కెమెరాను కంటికి ఆనించినప్పుడు రెండు మోచేతులు పక్కటెముకలకు, కెమెరా నుదుటికి ఆని మూడు వైపుల నుంచి ఊతం దొరుకుతుంది. తెర చూడడానికి చేతులు ముందుకు చాచినప్పుడు ఆ ఊతం పోతుంది. ఎండలో తెర మీద బొమ్మా కనిపించదు. వయసుతో చేతులు వణికేవారికి, దగ్గరి చూపు తగ్గినవారికి కొన్ని గ్రాముల బరువు పెరిగినా వ్యూఫైండర్ ఉన్నదే తీసుకోమని నా సలహా. మీటలు మరీ చిన్నవైతే ఒకటి నొక్కబోతే రెండు పడతాయి. ఇది బొటనవేలితో నొక్కి చూస్తేనే తెలుస్తుంది.

చేతిలో ఫోన్ ఉండగా ఈ కెమెరా ఎందుకన్న ప్రశ్న న్యాయమైనదే. ఒక అంగుళం సెన్సార్ గల ఫోన్లు కూడా ఇప్పుడు ఉన్నాయి, పైగా అనేక చిత్రాలను క్షణంలో కలిపి మంచి చిత్రం చేయగల శక్తి ఫోన్‌కు ఉంది. చిటికెన గోరు సెన్సార్ ఉండి, జూమ్ కూడా మూడు నాలుగు రెట్లకు మించని కెమెరాను నేడు కొనడంలో నాకు అర్థం కనిపించదు. పొడవైన అసలు జూమ్, పెద్ద సెన్సార్ ముందు పెద్ద ద్వారం గల లెన్స్, కదలికను ఆపగల నిజమైన ఫ్లాష్, ఈ మూడింటిలో కనీసం ఒకటైనా ఉంటేనే వేరే కెమెరా మోయడం సమంజసం.

చివరిగా, జేబు కెమెరాలకే ప్రత్యేకమైన ఒక ఇబ్బంది చెప్పి ముగిస్తాను. బయటికి వచ్చి లోపలికి ముడుచుకునే లెన్స్ ప్రతిసారీ కొంత గాలిని లోపలికి పీలుస్తుంది, ఆ గాలితో పాటు జేబులోని నూలుపోగూ, దుమ్మూ వెళతాయి. నేను తరువాత కొన్న కెమెరాతో ఏడాది తిరిగేసరికి ప్రతి ఫోటోలోనూ ఆకాశంలో ఒకే చోట బూడిదరంగు మచ్చ కనిపించసాగింది. లెన్స్ ఊడదీయలేని కెమెరా కాబట్టి దానిని నేను తుడవలేకపోయాను, విప్పించి శుభ్రం చేయించవలసి వచ్చింది. అప్పటి నుంచి దానిని పలుచని బట్ట సంచిలో వేసి జేబులో పెట్టుకుంటున్నాను. ఆ సంచితో మందం మరో నాలుగు మిల్లీమీటర్లు పెరుగుతుంది. అట్టపెట్టె చేసుకునేటప్పుడు ఆ నాలుగు మిల్లీమీటర్లనూ కలుపుకోండి.

నమస్కారం.