ఇచ్చేవారు ఒకరు, పుచ్చుకునేవారు మరొకరు

అందరికీ నమస్కారం.

సేవ చేయడానికి కూడా పీజీ కావాలా అని నన్ను చాలామంది అడుగుతుంటారు. కొందరు నిజంగా తెలుసుకోవాలని, కొందరు కాస్త వెటకారంగా. సేవకైతే అక్కర్లేదు. కానీ ఒకరి సొమ్ము చేతిలో పట్టుకుని ఇంకొకరి కోసం ఖర్చుపెట్టడం వేరే పని. ‘అత్త సొమ్ము అల్లుడు దానం’ అని పెద్దవాళ్లు ఎగతాళి చేసింది ఈ పనినే. ఆ మాట పడకుండా ఈ పని చేయడం ఎలాగన్నదే లాభాపేక్ష లేని సంస్థల నిర్వహణ చదువు.

వ్యాపారంలో సరుకు బాగోలేకపోతే కొన్నవాడు మళ్లీ రాడు. గల్లాపెట్టె ఖాళీ అయితే యజమానికి సంగతి అర్థమవుతుంది. స్వచ్ఛంద సంస్థలో డబ్బిచ్చేది దాత, సాయం అందుకునేది వేరొకరు. అందుకున్నవారు నోరెత్తరు, ఊరికే వచ్చినదానికి వంకలు పెట్టడమేమిటని. దాతకు చేరేవి ఫొటోలు, వార్షిక నివేదిక. సంస్థ దారి తప్పినా చెప్పేవాడు లేడు.

దీనికి నేనెప్పుడూ చెప్పే ఉదాహరణ కెన్యాది. 1990ల్లో అక్కడి పశ్చిమ ప్రాంతంలో ఒక స్వచ్ఛంద సంస్థ బడులకు పాఠ్యపుస్తకాలు ఇచ్చింది. పిల్లలకు పుస్తకాలివ్వడం కంటే మంచి పనేముంటుంది? ఆర్థికవేత్త మైఖేల్ క్రెమర్, ఆయన సహచరులు పుస్తకాలు అందిన బడులనూ అందని బడులనూ పోల్చి చూశారు. ఏ బడులకు ముందు ఇవ్వాలన్నది లాటరీ తీసినట్టు నిర్ణయించారు కాబట్టి ఆ పోలికకు విలువుంది. తీరా చూస్తే సగటు మార్కులు పెరగలేదు. అప్పటికే బాగా చదివే పిల్లలకు మాత్రం ఉపయోగపడ్డాయి. పుస్తకాలు ఇంగ్లీషులో ఉన్నాయి, ఆ పిల్లల్లో చాలామందికి ఇంగ్లీషు మూడో భాష. పంచిన పుస్తకాల సంఖ్యే నివేదికలో రాసుకుని ఉంటే ఈ సంగతి ఎప్పటికీ బయటపడేది కాదు. ఈ తరహా పరిశోధనకే 2019లో క్రెమర్‌కు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లోలతో కలిపి ఆర్థికశాస్త్ర నోబెల్ వచ్చింది. కోర్సులో ‘ప్రభావ మూల్యాంకనం’ అనే పేపరు ఉంటుంది. పేరు చూసి భయపడకండి. పుస్తకం ఇచ్చామా అని కాదు, పిల్లవాడు చదివాడా అని అడగడమే అందులో విషయం.

ఈ చదువు వయసు పెద్దదేమీ కాదు. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయం 1970ల చివర ఈ సంస్థల మీద పరిశోధన మొదలుపెట్టింది. 1983లో శాన్‌ఫ్రాన్సిస్కో విశ్వవిద్యాలయం ఇందులో ప్రత్యేకంగా మాస్టర్స్ డిగ్రీ ప్రారంభించింది. తర్వాత చాలాచోట్లకు పాకింది. ఒకచోట బిజినెస్ స్కూల్లో ఉంటుంది, ఒకచోట ప్రభుత్వ పాలన విభాగంలో, మరోచోట సోషల్ వర్క్ విభాగంలో. అప్లికేషన్ పెట్టేముందు ఇది చూసుకోండి. డిగ్రీ పేరు ఒకటే అయినా మొదటిచోట లెక్కలు గట్టిగా చెబుతారు, మూడోచోట మనుషుల గురించి.

‘లాభాపేక్ష లేని’ అన్న మాటను చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటారు. ఏడాది చివర మిగులు ఉండకూడదనుకుంటారు. ఉండొచ్చు, ఉండాలి కూడా. హెన్రీ హాన్స్‌మన్ అనే న్యాయశాస్త్ర పండితుడు 1980లో దీన్ని తేల్చి చెప్పాడు: మిగులు రావచ్చు, దాన్ని సంస్థను నడిపేవాళ్లు పంచుకోకూడదు. ఆ కట్టుబాటు ఉంది కాబట్టే, పని కళ్లతో చూడలేని దాత కూడా నమ్మి డబ్బిస్తాడని ఆయన వాదన.

ఇక లెక్కలు. కామర్స్ చదివినవాళ్లు కూడా తడబడేది ఇక్కడే. సంస్థ ఖాతాలో వంద ఉందనుకోండి. అందులో ఎనభై ఐదు ఫలానా ప్రాజెక్టుకే వాడాలని దాతలు షరతు పెట్టి ఇచ్చింది. అకౌంటెంటు జీతం, అద్దె, ఆడిట్ ఫీజు మిగతా పదిహేనులోంచే రావాలి. ఆ పదిహేను అయిపోయిన రోజున, బ్యాంకులో ఎనభై ఐదు పెట్టుకుని సంస్థ మూతపడే స్థితికి వస్తుంది. ‘నా డబ్బులో ఒక్క పైసా ఆఫీసు ఖర్చుకు పోకూడదు’ అనే దాత మనసు మంచిదే, కానీ లెక్క రాసే మనిషే లేకపోతే ఆయన పైసా ఎటు పోయిందో చెప్పేదెవరు? నిర్వహణ ఖర్చు తక్కువగా చూపించిన సంస్థకే గ్రాంటు వస్తుంటే, అందరూ తక్కువగానే చూపిస్తారు. వచ్చే ఏడాది దాత ఇంకా తక్కువ ఆశిస్తాడు. ఈ ఊబి గురించి దాతతో మొహమాటపడకుండా ఎలా మాట్లాడాలో క్లాసులో సాధన చేయించే కోర్సు దొరికితే వదలకండి. నేను చదివినచోట చేయించలేదు. ఆ లోటు ఉద్యోగంలో చేరాక తెలిసొచ్చింది.

బోర్డు సంగతి ఒక్క మాటలో చెబుతాను, ఎందుకంటే పుస్తకాల్లో ఉన్నంత గొప్పగా బోర్డులు నడవవు. బోర్డంటే సంస్థ పాలకమండలి. సంస్థను రోజువారీ నడిపే డైరెక్టరును ప్రశ్నించడం దాని పని. స్నేహితుల్నే సభ్యులుగా పెట్టుకుంటే ఆ ప్రశ్న ఎవరూ అడగరు.

ఇక వలంటీర్లు. జీతం లేని మనిషిని ‘రేపటి నుంచి రావద్దు’ అనడం ఎంత కష్టమో ఏ పాఠంలోనూ చెప్పరు. అందుకే డిగ్రీ అవగానే నేరుగా ఈ పీజీలోకి రావద్దంటాను. రెండేళ్లు ఏదో ఒక సంస్థలో పనిచేసి రండి. అప్పుడు క్లాసులో చెప్పే ప్రతి విషయానికీ మీ బుర్రలో ఒక మొహం మెదులుతుంది.

మీకు పంచిన కాగితం మీద ఒక ఊహా సంస్థ లెక్కలున్నాయి. బ్యాంకు నిల్వ చూసి మోసపోకండి, కింద ఉన్న షరతుల వరుస చదవండి. ఈ సంస్థ మూడో నెల జీతాలు ఇవ్వగలదా లేదా, పది నిమిషాల్లో చెప్పండి.