గర్భసంచి తీయించుకునే ముందు
(మండల మహిళా సమాఖ్య సమావేశంలో ఒక స్త్రీల వైద్యురాలి ప్రసంగ పాఠం)

సంఘం లీడర్లకూ, ఆశా అక్కలకూ, పని మానుకుని వచ్చిన అమ్మలందరికీ నమస్కారం.

క్యాన్సర్ అంటే మనకు భయం చాలానే ఉంది. ఆ భయంతో మనం ఏం చేస్తున్నామన్నదే నా బాధ. తెల్లబట్ట అవుతోందని, నడుం లాగుతోందని ఆస్పత్రికి వెళ్తాం. స్కానింగ్ తీస్తారు. "సంచికి పుండు ఉంది, ఉంచుకుంటే క్యాన్సర్ అవుతుంది" అని ఎవరో ఒకరు అంటారు. పిల్లలు పుట్టేశారు కదా, ఇక దాంతో పనేముందని తీయించేసుకుంటాం. అప్పు చేసి మరీ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎనిమిది మంది దాకా ఉన్నారు. అదే సర్వేలో, 30-49 ఏళ్ల వాళ్లలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష, అంటే గర్భసంచి కింది మూతికి చేసే పరీక్ష, ఒక్కసారైనా చేయించుకున్నవాళ్లు దేశంలో నూటికి ఇద్దరు కూడా లేరు. రొమ్ము పరీక్షకైతే నూటికి ఒక్కరు కూడా లేరు.

తెల్లబట్ట చాలామందిలో ఇన్ఫెక్షన్ వల్ల వస్తుంది, మందులతో తగ్గుతుంది. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ముప్పై అయిదేళ్ల మనిషికి ముట్లు ఆగిపోయిన వయసు వచ్చేస్తుంది. ఎముకలు గుల్లబారతాయి, గుండె జబ్బు ముప్పు పెరుగుతుంది. అవసరమైనవాళ్లకు ఆ ఆపరేషన్ చేయాల్సిందే, నేనూ చేస్తాను. కానీ పరీక్ష లేకుండా, భయం ఒక్కటే కారణంగా చేయించుకోవద్దని చేతులు జోడించి అడుగుతున్నాను.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాత్రికి రాత్రి రాదు. హెచ్‌పీవీ అనే వైరస్ కారణం. లైంగిక జీవితం ఉన్నవాళ్లలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు సోకుతుంది, ఎక్కువమందిలో దానంతటదే పోతుంది. ఇందులో ఎవరి నడవడికనూ అనుమానించాల్సిన పని లేదు. కొందరిలో మాత్రం ఉండిపోయి, సాధారణంగా పది పదిహేనేళ్లకు పైగా తీసుకుని క్యాన్సర్‌గా మారుతుంది. ముందే పట్టుకోవడానికి మనకు అన్నేళ్ల గడువు ఉందన్నమాట!

పరీక్ష ఇలా ఉంటుంది. పడుకోబెట్టి, పల్చటి ఎసిటిక్ యాసిడ్‌లో (వెనిగర్‌లో ఉండేదే) ముంచిన దూదిని ముఖద్వారానికి అద్దుతారు. ఒక నిమిషం ఆగి చూస్తారు. తేడా ఉన్నచోట తెల్లగా కనిపిస్తుంది. కాస్త చురుక్కుమనొచ్చు, అంతే. కోత లేదు, మత్తు లేదు. తెల్లమచ్చ కనిపించినంత మాత్రాన క్యాన్సర్ అని కాదు. క్యాన్సర్ కాకముందే దొరికితే అక్కడికక్కడ కాల్చి గానీ బాగా చల్లబరిచి గడ్డకట్టించి గానీ తీసేయవచ్చు, సంచి సంచిగానే ఉంటుంది.

దీనికి పెద్ద డాక్టరే కావాలా అంటే, అక్కర్లేదు. ముంబై బస్తీల్లో టాటా మెమోరియల్ ఆస్పత్రి వాళ్లు లక్షన్నర మంది ఆడవాళ్లతో ఏళ్ల తరబడి అధ్యయనం చేశారు. అందులో పరీక్ష చేసింది పదో తరగతి చదివి శిక్షణ పొందిన మామూలు ఆరోగ్య కార్యకర్తలు. పరీక్ష అందినవాళ్లలో ఈ క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయి. ఆ కార్యకర్తలే చేత్తో తడిమి రొమ్ము పరీక్ష కూడా చేశారు. 50 ఏళ్లు దాటినవాళ్లలో రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గినట్టు తేలింది. ఆశా అక్కలూ, ఈ మాట మీ కోసమే చెబుతున్నాను.

రొమ్ము విషయంలో మనల్ని మోసం చేసేది నొప్పి లేకపోవడమే. "నొప్పి లేదు కదమ్మా, అందుకే రాలేదు" అన్న మాట నేను వినని నెల లేదు. మొదట్లో క్యాన్సర్ గడ్డ చాలావరకు నొప్పి పెట్టదు. గడ్డలన్నీ క్యాన్సర్ కావు, నిజానికి ఎక్కువ శాతం కావు. ఏది అవునో ఇంట్లో కూర్చుని తేల్చలేం. చనుమొన లోపలికి పోయినా, రక్తం లాంటిది కారినా, చర్మం సొట్టపడినా, చంకలో బిళ్ల తగిలినా ఆ వారమే రండి. మా ఇంట్లో ఎవరికీ లేదంటారు. ఈ జబ్బు వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఇళ్లలో అంతకుముందు ఎవరికీ లేదు.

ముట్లు ఆగిపోయాక మళ్లీ రక్తం కనిపించినా, భర్తతో కలిశాక కనిపించినా వేడి చేసిందని సరిపెట్టుకోవద్దు. వెనక నిలబడ్డ అన్నలకు ఒక మాట. ఆవిడ సిగ్గుపడి చెప్పకపోతే మీరే అడగండి, మీరే తీసుకురండి. తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలు ఉంటే హెచ్‌పీవీ టీకా గురించి ఏఎన్ఎంను అడగండి. మన దేశంలో తయారైన టీకా 2023 నుంచి దొరుకుతోంది.

ముప్పై దాటినవాళ్లకు ప్రభుత్వ కేంద్రాల్లో ఈ పరీక్షలు ఉచితం. ఈ రోజు పక్క గదిలో తెర కట్టాం, లోపల ఉండేది ఇద్దరు ఆడ నర్సులే. ముట్టులో ఉన్నవాళ్లు రొమ్ము పరీక్షకూ ముఖద్వార పరీక్షకూ వచ్చే వారం రండి, పేరు రాయించి వెళ్లండి. అడగాల్సినవి ఉంటే నన్ను ఇక్కడే అడగండి. అందరిముందూ వద్దనుకుంటే లోపల అడగండి, సాయంత్రం దాకా ఉంటాను.