పెళ్ళి మాటలకు ముందు ఒక రక్తపరీక్ష

శ్రోతలకు నమస్కారం. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు మన ఇళ్ళల్లో పసివాడికి ఒళ్ళు పాలిపోయి, మాటిమాటికీ కీళ్ళు సలుపుతుంటే, ఇది తల్లి వైపు నుంచి వచ్చిన జబ్బని ఎవరో ఒకరు అనేస్తారు. ఆ నింద ఆ తల్లి మోయాల్సింది కాదు. ఇలాంటి బాధలు తెచ్చే సికిల్ సెల్ అనే రక్తజబ్బు గురించి ఇవాళ చెబుతాను.

మన కణాల్లో, కేంద్రకం లోపల, 46 క్రోమోజోములు, అంటే తల్లిదండ్రుల లక్షణాలను మోసుకొచ్చే సన్నని పోగులు, ఉంటాయి. మొత్తం 23 జతలు. జతలో ఒకటి అమ్మ ఇచ్చింది, ఒకటి నాన్న ఇచ్చింది. బిడ్డకు అందేటప్పుడు తల్లి నుంచి 23, తండ్రి నుంచి 23. జతలో ఏది వెళ్తుందో ఎవరి చేతుల్లోనూ లేదు. ఆడపిల్ల పుట్టిందని కోడల్ని అనడమూ అన్యాయమే, అది తేలేది తండ్రి ఇచ్చింది ఎక్స్ క్రోమోజోమా, వై క్రోమోజోమా అన్నదాన్ని బట్టి.

ఇక 11వ జత సంగతి. రక్తంలోని హీమోగ్లోబిన్‌కు సంబంధించిన ఒక జన్యువు అందులో ఉంది. జతలో రెండింటిలోనూ ఆ జన్యువులో ఒక్క చిన్న మార్పు ఉంటే చాలు, ఎర్రకణాలు కొడవలిలా వంగిపోయి సన్నని రక్తనాళాల్లో అడ్డుపడతాయి. పిల్లలు నొప్పితో మెలికలు తిరిగేది అందుకే. అదే సికిల్ సెల్. జతలో ఒకదానిలోనే మార్పుంటే మనిషి మామూలుగానే ఉంటాడు, పొలం పని చేసుకుంటాడు, తనలో అది ఉందనే తెలియదు. అలాంటి ఇద్దరు పెళ్ళాడితే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. పెద్దవాడికి వచ్చింది కాబట్టి రెండోవాడికి రాదులే అనుకోవద్దు, లెక్క ప్రతిసారీ మళ్ళీ మొదటి నుంచే.

మేనరికాల్లో ఈ భయం ఇంకా ఎక్కువ. ఒకే తాత నుంచి అదే మార్పు వధువుకీ వరుడికీ దిగి ఉండవచ్చు. మేనమామ మీద ప్రేమ నాకూ తెలుసు. అయినా ఇంట్లో ఒక్కరికి ఈ జబ్బున్నా, పరీక్ష చేయించకుండా ముహూర్తం పెట్టుకోకండి.

సికిల్ సెల్ నిర్మూలనకు కేంద్రం 2023 జూలైలో జాతీయ మిషన్ మొదలుపెట్టింది. వేలికొన నుంచి చుక్క రక్తం తీసి ముందు పరీక్ష చేస్తారు, అనుమానముంటే మరో పరీక్షతో నిర్ధారిస్తారు. జాతకాలతో పాటు ఆ రిపోర్టూ రెండు వైపులా అడగండి. ఇద్దరిలోనూ మార్పు ఉందని తేలితే పెళ్ళి మానుకోమని కాదు. గర్భం వచ్చిందని తెలియగానే డాక్టరుకు ఆ మాట చెప్పండి. కడుపులో బిడ్డకు జబ్బుందో లేదో తొలి నెలల్లోనే చూసే పరీక్షలు పెద్దాసుపత్రుల్లో ఉన్నాయి.